బారెడు తాడు

ఇస్రాయేలు పొద్దున నాలుగున్నరకు మంచం దిగుతాడు. ఆ ఇంట్లో అలారం అవసరం లేదు. దిగగానే రెండు మోకాళ్ళూ మడిచి, చాచి చూసుకుంటాడు, రాత్రి నిద్రలో ఎవరైనా మార్చేసి పోయారేమోనన్నట్టు. ఆ తర్వాత గ్లాసెడు నీళ్ళు, గుప్పెడు నానిన పల్లీలు. వసారాలో దండెం మీద ఆరేసిన నీలం బనీను లాక్కుని తొడుక్కుంటాడు. నాలుగేళ్ళుగా ఇదే వరస. ఎండయినా, వానయినా, ఇంట్లో చుట్టాలున్నా సరే.

అతనికి అరవై నాలుగేళ్ళు. ఊరి హైస్కూల్లో ముప్పై నాలుగేళ్ళు అటెండరుగా చేశాడు. గంట కొట్టడం, ఫైళ్ళు మోయడం, సార్లకు చాయ్ తేవడం అతని ఉద్యోగం. కానీ ఆటల మాస్టారి పోస్టు ఏళ్ళకేళ్ళు ఖాళీగా ఉండేసరికి గ్రౌండంతా అతని చేతికొచ్చింది. మధ్యలో మేకు పాతి, దానికి తాడు తగిలించి, కొస పట్టుకుని సున్నం పోసుకుంటూ తిరిగితే మలుపు గుండ్రంగా వచ్చేది. అట్లా రెండు వందల మీటర్ల ట్రాకు గీసేవాడు. ఊళ్ళో పిల్లలకు అతను లైన్ల తాత. వేల మంది ఆ గీతల మీద పరుగెత్తారు, అతనొక్కడు తప్ప.

రిటైరయ్యాక మూడు రోజులు ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడనడం కూడా ఎక్కువే, కాళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు. నాలుగో రోజు చీకటితోనే గ్రౌండుకు పోయి, తాను గీసిన గీత మీద తానే పరుగెత్తాడు. అరవై దాటినవాళ్ళకు కూడా పోటీలుంటాయని ఎవరో చెప్పారు. ఇక ఆగలేదు. పరుగెత్తి వచ్చిన ప్రతి రోజూ చర్చి క్యాలెండరులో ఆ తేదీ మీద పెన్సిలుతో గీత కొట్టేవాడు. నాలుగేళ్ళలో ఖాళీగా మిగిలిన గడి ఒక్కటే, మొన్నటి గురువారం. ఆ రోజు ఈదమ్మను నల్లగొండ దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చింది.

ఈదమ్మ అతని భార్య. మర్రిగూడ దిక్కు పిల్ల. చిన్నప్పటి నుంచి పెళ్ళయ్యేదాకా అక్కడి ఫ్లోరైడు బోరు నీళ్ళే తాగింది. ఆ నీళ్ళు ఎముకల్లో ఎక్కడ దాక్కున్నాయో గాని, యాభై దాటాక ఒక్కొక్కటిగా లెక్క తేల్చుకోసాగాయి. ఇప్పుడు ఎడమ మోకాలు సగమే వంగుతుంది. నేల మీద కూర్చుంటే లేవలేదు. డాక్టరు ఎక్స్‌రే చూసి, రోజూ పొద్దున అరగంట ఎవరైనా పట్టుకుని నడిపించాలని, లేకపోతే కీలు బిగుసుకుపోతుందని చెప్పాడు. సాయంత్రానికి వాపు ఎక్కుతుంది కాబట్టి పొద్దున్నే నడవాలన్నాడు. ఇస్రాయేలు తలూపాడు. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట ఎత్తలేదు.

ఆదివారం నల్లగొండలో జిల్లా మాస్టర్స్ పోటీలు జరిగాయి. పదిహేను వందల మీటర్లలో ఐదుగురిలో మూడోవాడిగా వచ్చాడు. మొదటి ముగ్గురినీ మహబూబ్‌నగర్‌లో జరిగే రాష్ట్ర పోటీలకు పంపుతారు. మెడల్ వేశారు, ఫొటో తీశారు. కానీ ఇస్రాయేలు ముఖంలో నవ్వు లేదు. ఊళ్ళో రోజూ ఆరు నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్లకు ముగించే పరుగు, అక్కడ ఆరు యాభైకి ముగిసింది. ఇరవై రెండు సెకన్లు. ఎక్కడ పోయాయో తెలియక, బస్సులో ఈదమ్మ పక్కన కూర్చుని ఇంటికొచ్చేదాకా ఆ అంకే గొణుక్కున్నాడు. పరుగు చూడడానికొచ్చిన ముప్పై నాలుగేళ్ళ కూతురు గ్లోరీ కూడా ఆ సాయంత్రం వాళ్ళతోపాటే ఊరికొచ్చింది. నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు ఆమె.

సోమవారం తెల్లవారుజామున ఇస్రాయేలు బనీను తొడుక్కుంటుంటే లోపలి నుంచి ఈదమ్మ గొంతు వినిపించింది.

"గ్లోరీ నాయినా, ఇయ్యాలన్న జర ఆగుతవా? గోడ దాకా నడుస్త."

"వచ్చినంక సూద్దాం," అని చెప్పులేసుకున్నాడు. మంచం దిక్కు చూడలేదు. ఈ మధ్య అతను ఆ దిక్కు చూడడం తగ్గించేశాడు.

గ్రౌండులో ఏడున్నర చుట్లు తిరిగి గడియారం చూసుకున్నాడు. ఆరు నిమిషాల ఇరవై తొమ్మిది. నిన్నటి అలసట కాళ్ళలో ఉండగానే ఇది వచ్చింది. మరి నిన్న ఏమైంది? గీత దగ్గర నిలబడి ఆలోచించాడు. ఆలోచించిన కొద్దీ క్యాలెండరులో ఆ ఖాళీ గడే కళ్ళ ముందు కనిపించింది. దొంగ దొరికినట్టే అనిపించింది.

ఇంటికొచ్చేసరికి ఈదమ్మ వసారాలో కుర్చీలో కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. గ్లోరీ చాయ్ గ్లాసు తండ్రి చేతికిచ్చింది. అతను తడిసిన బనీను దండెం మీద ఆరేసి, చాయ్ తాగకుండానే మొదలుపెట్టాడు.

"సూసినవా బిడ్డా, ఇయ్యాల ఆరు ఇరవై తొమ్మిది. నా కాళ్ళు మంచిగనే ఉన్నయ్. నిన్ననే ఆగమైన."

"మంచిదే నాయినా. మూడో నంబరొచ్చినవ్, మహబూబ్‌నగర్ పోతవ్. ఇంకేంది ఫికర్?" అంది గ్లోరీ. "గని నేనొక మాట అడుగుత. రేపటి సంది పొద్దుగాల అరగంట అమ్మను నడిపియ్యి. గంత సేపే. తర్వాత నీ ఉరుకుడు నువ్వు ఉరుకు."

"పొద్దెక్కినంక ఉరకనీకి వస్తదా? ఎండ గొడ్తది. పొద్దుమీకి నడిపిస్త తీ."

"పొద్దుమీకి కాలు వాస్తది. డాక్టరు చెప్పంగ నువ్వు పక్కనే ఉన్నవ్ గద."

"మూడు వారాలే ఉంది బిడ్డా. పోటీ అయిపోనీ, ఆ తర్వాత నువ్వెట్ల జెప్తె అట్ల."

"అమ్మ కాలు మూడు వారాలు ఆగుతదా?"

ఇస్రాయేలు లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. పాదాలు నేల మీద టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ తర్వాత వచ్చిన మాట అతను అనాలనుకుని అన్నది కాదు, కానీ లోపల పొద్దున్నుంచీ తిరుగుతున్నదే.

"ఒక్కనాడు తప్పితె ఏమైతదో నిన్న సూస్తివి గద. బేస్తారం నాడు దవాఖానకు తీస్కపోయిన, ఆడనే పోయినయ్ నా కాళ్ళు. ఇరవై రెండు సెకన్లు. ఇంక దినాం తప్పమంటవా?"

ఈదమ్మ వేళ్ళు చాటలో ఆగిపోయాయి. మాట గ్లోరీ అందుకుంది.

"నువ్వు గెలవనీకి ఉరుకుత లేవు నాయినా. అమ్మ లేవలేక మంచం పట్టుకోని నిలవడ్తది సూడు, అది సూడలేక ఉరుకుతున్నవ్. నీ మోకాళ్ళు గట్లయితయేమో అని భయం నీకు."

తగలాల్సిన చోటే తగిలింది. ఇస్రాయేలు ముఖం ఎర్రబడింది. గ్లాసు గట్టు మీద పెట్టి వాకిలి దిక్కు నడిచాడు. అతనికి తెలిసిన మందు ఒక్కటే, బయటికి పోవడం.

"కూసో," అంది ఈదమ్మ.

ఆమె గొంతు పెద్దగా లేదు. కానీ నలభై ఏళ్ళ కాపురంలో ఆమె అతన్ని అట్లా కూర్చోమనడం అరుదు. అతను గుమ్మంలోనే ఆగాడు.

"నీ ఇరవై రెండు సెకన్లు బేస్తారం నాడు పోలేదు. నేను కోసిన."

"ఏం కోసినవ్?"

"తాడు. లైన్లు గీసే తాడు."

ఇస్రాయేలుకు అర్థం కాలేదు. ఆ తాడు సంగతి ఊరంతటికీ తెలుసు. నీలం నైలాను తాడు. స్కూలు స్టోరు రూములో ఎలుకలు కొరుకుతాయని మొదటి నుంచీ ఇంట్లోనే, మంచం కింద రేకు డబ్బాలో పెట్టుకున్నాడు. పిల్లల్నీ ముట్టనివ్వలేదు. గీత జానెడు తప్పితే పరుగంతా అబద్ధమేనని ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు.

"గ్లోరీ పుట్టిన పదో దినం," అంది ఈదమ్మ, చాటలోకి చూస్తూ. "ఉయ్యాల కట్టాలె, ఇంట్ల తాడు బారెడు తక్కువైంది, దూలం అందలే. నీకు చెప్పిన. జోనల్ ఆటలకు మిర్యాలగూడ పోతున్న, వచ్చేటప్పుడు తెస్తనన్నవ్. నాలుగొద్దులు రాలే. పిల్లను కింద పండవెడ్తె చీమలు కుట్టినయ్. ఒళ్ళంత దద్దుర్లు. నేను బాలింతను, యాడికని పోదు? నీ డబ్బ తీసి బారెడు కోసిన. కొసకు మల్ల నువ్వేసినట్టే ముడేసి పెట్టిన."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పుదు? బారెడే గద, ఏం తెల్వదనుకున్న. ఆనంక నువ్వు గీత జానెడు తప్పితె అబద్ధం అని పోరగాండ్లకు చెప్తుంటె ఇని భయమైంది. ఏండ్లు పోతనే ఉన్నయ్. నిన్న నువ్వు ఇరవై రెండు సెకన్లు, ఇరవై రెండు సెకన్లు అని బస్సుల గొణుగుతుంటె అప్పుడు సమజైంది. నల్లగొండ లైను పెద్దది గాదు. మనదే చిన్నది."

"ఆ ముక్క యాడ పెట్టినవ్?"

ఈదమ్మ గడ్డంతో చూపించింది. వసారాలో రెండు గుంజల మధ్య దండెం. దాని మీద అతని బనీను నీళ్ళు కారుతోంది.

ఇస్రాయేలు బనీను తీసి గ్లోరీ చేతికిచ్చాడు. ముళ్ళు విప్పడానికి చాలాసేపు పట్టింది. తాడు రంగు వెలిసింది గాని, ముడి లోపల దాగిన చోట ఇంకా నీలంగానే ఉంది. రెండు చేతులూ చాచి కొలిచాడు. సరిగ్గా బారెడు. నాలుగేళ్ళుగా రోజూ దీని మీదే బనీను ఆరేసి, రోజూ దీని మీంచే లాక్కుని పోయాడు.

మొదట కోపమే వచ్చింది. మేకు నుంచి తాడు బారెడు తగ్గితే మలుపులు లోపలికొస్తాయి, చుట్టు చిన్నదవుతుంది. ముప్పై నాలుగేళ్ళ గీతలు. ఎంతమంది పిల్లలు, ఎన్ని ఫస్టులు, ఎన్ని సెకండ్లు.

"ఎందరి ఉసురు పోసుకున్ననో," అన్నాడు తలపట్టుకుని.

"అందరు గా గీత మీదనే ఉరికిండ్రు గద," అంది ఈదమ్మ. "ఎవనికి ఎక్కువ, ఎవనికి తక్కువ కాలే. నీకొక్కనికే అయింది."

గ్లోరీ తండ్రి చేతిలోంచి ఆ తాడు ముక్క తీసుకుంది. వేళ్ళతో తడిమి చూసింది. "నా ఉయ్యాలదా ఇది?" అని నవ్వబోయింది, నవ్వు రాలేదు.

అప్పుడు ఇస్రాయేలుకు ఆ రోజు గుర్తొచ్చింది. మిర్యాలగూడ నుంచి కొత్త విజిల్ మెడలో వేసుకుని వచ్చాడు. ఇంట్లో ఉయ్యాల ఊగుతోంది. అతను బిడ్డను చూశాడు, విజిల్ ఊది ఆడించాడు, ఈదమ్మ కసిరితే మానేశాడు. ఉయ్యాల ఎట్లా కట్టావని అడగలేదు. తాడు తేలేదన్న సంగతి కూడా గుర్తు రాలేదు. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.

గురువారం అతని దగ్గరేమీ గుంజుకోలేదు. అతని పరుగు ఎప్పుడూ ఆరు యాభైదే. ఆమెను దవాఖానకు తీసుకుపోయిన ఒక్క పూటను అతను దొంగను చేశాడు, అదీ ఆమె ముందే. ఈ సంగతి తెలిసేసరికి కాళ్ళు ఆడడం ఆగిపోయింది. గడప మీద కూర్చుని, భుజం మీది తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. అతను ఏడవడం గ్లోరీ చూడడం అదే మొదటిసారి.

"బేస్తారం మాట నేను అనొద్దుండె," అన్నాడు తువ్వాల లోంచే.

"అన్నవ్ గద," అంది ఈదమ్మ. ఆమె మాటలో కోపం లేదని చెప్పలేం. చాట పక్కన పెట్టి, "చాయ్ చల్లారింది, మల్ల వెట్టు బిడ్డా," అని కూతురితో అంది.

మంగళవారం తెల్లవారుజామున ముగ్గురూ గ్రౌండుకు పోయారు. గ్లోరీ తల్లిని పట్టుకుని నడిపించింది. ఇస్రాయేలు నెత్తి మీద ప్లాస్టిక్ కుర్చీ, చేతిలో సున్నం బకెట్టు. పాత తాడుకు దండెం ముక్కను కలిపి రాత్రే ముడేసి పెట్టుకున్నాడు. మలుపు మధ్యలో మేకు దగ్గర కుర్చీ వేసి ఈదమ్మను కూర్చోబెట్టాడు.

"మేకు మీదికెల్లి తాడు జారుతది. గట్టిగ పట్టుకో."

"నేను పట్టుకుంటె గీత వంకరబోతదేమో."

"పోనీ."

ఆమె పట్టుకుంది. అతను కొస పట్టుకుని సున్నం పోసుకుంటూ ఆమె చుట్టూ తిరిగాడు. కొత్త గీత పాత గీతకు బారెడు బయటగా పోయింది. రెండో మలుపుకు కుర్చీ మార్చి మళ్ళీ అదే పని. ఒకచోట గీత కొంచెం వంకరపోయిందని గ్లోరీ చూపిస్తే, దాన్ని చెరిపి మళ్ళీ పోశాడు. ఎంతైనా ఇస్రాయేలు ఇస్రాయేలే.

గీత అయ్యాక ఈదమ్మను లేపాడు. రెండు చేతులూ ఆమెకిచ్చి, తాను వెనక్కి నడుస్తూ, మలుపు లేని తిన్నటి గీత వెంట ఆమెను నడిపించాడు. పదడుగులకు ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ పదడుగులు. అంత నిదానంగా నడవడం అతనికి పరుగు కన్నా కష్టమైంది. రెండుసార్లు తొందరపడబోయాడు, రెండుసార్లూ ఆమె అతని చేయి గిల్లింది. ఈసారి ఆమె మోకాలి దిక్కు చూస్తూనే ఉన్నాడు. భయం పోలేదు గాని, చూపు తిప్పుకోలేదు.

ఎండెక్కాక అతను పరుగెత్తాడు. ఏడున్నర చుట్లు. గడియారం ఈదమ్మ చేతిలో ఉంది, చదివి చెప్పింది గ్లోరీ.

"ఆరు యాభై నాలుగు."

ఇస్రాయేలు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వగరుస్తూ తలూపాడు. "ఎండకు ఇంకో నాలుగు ఎక్కినయ్."

"మహబూబ్‌నగర్‌కు నేను గూడ వస్త," అంది ఈదమ్మ. "ఆడ కుర్చీ ఉంటదో లేదో కనుక్కో."

ఇంటికొచ్చాక అతను క్యాలెండరు ముందు నిలబడి ఆ రోజు గడిలో గీత కొట్టాడు. తర్వాత పెన్సిలును వెనక్కి జరిపి, ఖాళీగా ఉన్న గురువారం మీద కూడా ఒక గీత కొట్టాడు.

"ఆ దినం ఉరకలే గద," అంది వెనక నుంచి ఈదమ్మ.

"దవాఖాన మెట్లు ఎక్కినం గద, ఇద్దరం."

ఆమె కుర్చీలో కూర్చుని చేయి చాచి, అతని భుజం మీది తడి బనీను అందుకుంది. ఆరేయడానికి దండెం లేదిప్పుడు. రెండు చేతులతో పిండి, దులిపి, తాను కూర్చున్న కుర్చీ వీపు మీదే వేసుకుంది.