గొడుగుకు ఎర్ర నాలిక

బయట వాన దంచికొడుతోంది. అంత వానలో ఒకావిడ చంకలో కొత్త గొడుగు పెట్టుకుని, దాన్ని తెరవకుండా, తడిసి ముద్దయి డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది.

తలుపు తీసిన గుసగుస నోరు వెళ్ళబెట్టింది. గుసగుస ఆ ఆఫీసులో అసిస్టెంటు. ఆమె మాట పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా వినపడదని మేడం పెట్టిన పేరు అది. మేడంకేమో ఊరంతా కలిసి "భూతద్దం" అని పేరు పెట్టింది. నిజానికి ఆవిడ దగ్గర భూతద్దం లేనే లేదు. ఉన్నవల్లా రెండు కళ్ళు. అవి దేన్నయినా పట్టుకున్నాయంటే ఒక పట్టాన వదలవు.

"గొడుగు ఉండగా ఈ తడవడం ఏంటమ్మా?" అంది భూతద్దం మేడం, తువాలు అందిస్తూ.

"తెరవబుద్ధి కాలేదండీ. ఇది దొంగ గొడుగు."

"ఎవరి దగ్గర దొంగిలించారు?"

"అయ్యో, నేను కాదండీ! దొంగిలించింది నా దగ్గరే!" అని ఆవిడ కుర్చీలో కూలబడింది.

ఆవిడకి గొడుగుల కార్ఖానా ఉంది. తండ్రి పెట్టింది. పనివాళ్ళందరూ ఆవిడని గొడుగులక్క అంటారు. ఏడాదంతా కష్టపడి వాళ్ళు కొత్తరకం గొడుగు చేశారు. ఎంత గాలి కొట్టినా దాని ఊచలు వంగుతాయి తప్ప గొడుగు తిరగబడదు. ఆ సాయంత్రమే పెద్ద దుకాణాలావిడ కార్ఖానాకి వస్తోంది. గొడుగు నచ్చితే ఆవిడ దుకాణాలన్నిటికీ ఇక వీళ్ళ సరుకే. నచ్చకపోతే, కార్ఖానాకి తాళమే.

"పొద్దున బజారులో పూలు కొనడానికి వెళ్ళానండీ. పక్క కొట్టు ముందు ఇది వేలాడుతోంది! మా గొడుగే. పేరు మాత్రం మా పోటీ కంపెనీది. ఇవాళే వచ్చిందని కొట్టతను చెప్పాడు. కొని, నేరుగా మీ దగ్గరికే వచ్చాను."

"దీన్ని ఇంకెవరికైనా చూపించారా?"

"ఎవరికీ చూపించలేదు. చెప్పనూ లేదు. ఇప్పుడు ఆ దుకాణాలావిడ చూస్తే మేమే వాళ్ళది కాపీ కొట్టామనుకుంటుంది."

మేడం గొడుగు అందుకుంది. పిడికి ఒక అట్టముక్క వేలాడుతోంది. "గుసగుసా, చదువు."

గుసగుస చదివింది. "తుఫానుకు లొంగని గొడుగు. బిగువు దారం దీని ప్రత్యేకత. జీవితాంతం మీ తోడు."

"ఏమన్నావు?"

"తుఫానుకు..." అని గుసగుస ఈసారి కొంచెం గట్టిగా చదివింది. మేడం నవ్వి గొడుగు తెరిచింది. నల్లటి గుడ్డ, తళతళలాడే ఊచలు. మూడో ఊచ దగ్గర, లోపలివైపు, చిన్న ఎర్ర దారం ముడివేసి ఉంది. దాని కొస కిందికి వేలాడుతోంది.

"మీకు ఎవరి మీదయినా అనుమానం ఉందా?"

గొడుగులక్క తువాలుని మెలితిప్పుతూ కూర్చుంది. చివరికి, "మా బాబాయి," అంది. "నాన్న పోయాక నన్ను చేయిపట్టి నడిపించిన మనిషి. ఈ గొడుగుకి స్ప్రింగు చేసింది ఆయనే. కానీ ఆయన కొడుకు ఆ కంపెనీలోనే లారీ తోలుతున్నాడు. సాయంత్రంలోగా వేరే దారి కనిపించకపోతే బాబాయి మీద పోలీసు కంప్లెయింటు ఇస్తాను. దుకాణాలావిడకి ఏదో ఒకటి చూపించాలిగా." అంటూనే ఏడ్చేసింది.

"సాయంత్రం దాకా నోరు మెదపకండి," అంది మేడం. "పద గుసగుసా. చెప్పులేసుకో."

గుసగుసకి ఒళ్ళంతా ఉత్సాహం పొంగింది. కేసు మొదలైందంటే ఆమెకి ఆకలి కూడా గుర్తుండదు.

*

కార్ఖానా పొడుగాటి రేకుల షెడ్డు. కప్పు నుంచి గొడుగులు గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడుతున్నాయి. ఒక పక్క కుట్టుమిషన్లు, ఒక పక్క స్ప్రింగులు చుట్టే బల్ల. చివర్లో తలుపంత పెద్ద ఫ్యాను. గొడుగులన్నీ దాని గాలికి నిలబడి గెలవాలి.

ముందు మేనేజరు గదికి వెళ్ళారు. ఆయన చేరి కొన్ని నెలలే అయింది. నడుముకి తాళాలగుత్తి వేలాడుతుంటుంది కాబట్టి అందరూ తాళాలాయన అంటారు. గొడుగులక్క ఎవరో ఇద్దరు పేపరువాళ్ళు కార్ఖానా చూడటానికి వచ్చారని చెప్పి ఇద్దరినీ లోపలికి పంపింది.

"రండి రండి! రాసుకోండి," అన్నాడు తాళాలాయన. "నేను వచ్చేదాకా ఇక్కడ పద్ధతీ పాడూ లేదు. మొదటి నమూనా గొడుగు కుట్టుబల్ల మీద దిక్కులేకుండా పడుంటే తీసుకొచ్చి నా అల్మారాలో పెట్టాను. తెలివి అనేది తాళం వేసి ఉంచాలి. వీళ్ళకేమో తప్పుల గంట కావాలి!"

"తప్పుల గంటా?"

"పొద్దున్నే అందరూ గుండ్రంగా కూర్చుంటారు. నేనిది చెడగొట్టాను, నేనది పాడుచేశాను అని చెప్పుకుంటారు. వ్యాపారమా అది, ఏడుపుల సంఘమా? నేను ఒక్కనాడు కూడా వెళ్ళలేదు. ఆపేయమని అక్కతో చెబుతూనే ఉన్నాను."

అల్మారా తెరిచి నమూనా గొడుగు తీశాడు. మేడం విప్పి చూసింది. మూడో ఊచ దగ్గర ఎర్ర దారం.

"ఇదేంటండీ, కుట్టేటప్పుడు మిగిలిపోయిన దారమా?"

"మిగిలిపోవడమా!" తాళాలాయన పకపకా నవ్వాడు. "కిటుకంతా అక్కడే ఉంది. అది బిగువు దారం. గుడ్డ లాగుడు సమానంగా ఉంచేది అదే. చూసే కళ్ళుండాలి."

గుసగుస గబగబా రాసుకుంది. ఎంత బాగా చెప్పాడో అనుకుంది కూడా.

"ఇలాంటి గొడుగు ఇంకెవరయినా చేస్తున్నారా?" అడిగింది మేడం.

"ఎక్కడిదండీ! బజారంతా గాలించినా దొరకదు. నేను చూడలేదు, ఎవరి నోటా వినలేదు."

నమూనా కాసేపు అరువిమ్మని అడిగి తీసుకుని, మేడం కుట్టుమిషన్ల వైపు నడిచింది. అక్కడ అందరికంటే పెద్దావిడ కుట్టు పిన్ని. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల్లోంచి గొడుగు చూడగానే ఠక్కున నాలిక కరుచుకుంది.

"ఓసినీ! ఇది ఇంకా ఇలాగే ఉందా!" అని కత్తెర తీసి ఎర్ర దారం కొయ్యబోయింది.

మేడం ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆగు పిన్నీ! ఏంటిది?"

పిన్ని అటూ ఇటూ చూసి మేడం చెవిలో ఏదో చెప్పింది. గుసగుస మెడ సాచి వినబోయింది కానీ ఒక్క ముక్క అందలేదు. తన కంటే చిన్నగా మాట్లాడేవాళ్ళు ఈ లోకంలో ఉన్నారని ఆమెకి ఆరోజే తెలిసింది. పిన్ని మొహం ఎర్రబడింది, పైగా కత్తెర కూడా దాచేసింది. ఈవిడే దొంగ అని గుసగుస మనసులో తీర్మానం చేసేసింది.

బాబాయి స్ప్రింగుల బల్ల దగ్గర ఉన్నాడు. తల ఎత్తకుండానే, "మీరు పేపరువాళ్ళు కాదు," అన్నాడు.

"ఎలా చెప్పగలరు?"

"మా అమ్మాయి బజారు నుంచి వచ్చిన దగ్గర్నుంచి నా మొహం చూడట్లేదు. మీరొచ్చాక అసలు ఇటే రావట్లేదు. నా వల్ల ఏదో జరిగింది." చేతిలో స్ప్రింగు అటూ ఇటూ తిప్పుతున్నాడు. "అడగండి. ఏదయినా చెబుతా."

మేడం ఏమీ అడగలేదు. నమూనా చూపించింది. బాబాయి పెదవి విరిచాడు. "ఈ ముసలి ముక్కెందుకమ్మా? గట్టి గాలికి మూడో ఊచ దగ్గర పర్రుమంటుంది. కొత్తది చూడండి." కప్పు నుంచి ఒకటి దింపి ఇచ్చాడు. మూడో ఊచ దగ్గర గుడ్డ రెండు మడతలుగా కుట్టి ఉంది. ఎర్ర దారం ఎక్కడా లేదు.

మేడం కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు గుసగుసకి బాగా తెలుసు.

"దొరికాడా మేడం?" అంది.

"ఏమన్నావు? వినపడలేదు," అంది మేడం కావాలనే.

*

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. పెద్ద దుకాణాలావిడ వచ్చింది, వస్తూనే ఒక గొడుగు బల్ల మీద పడేసింది.

"దారిలో కొన్నాను. మీరు చూపిస్తానన్న వింత ఇదేనా? ఇది బజారులో అమ్ముతున్నారు. ఎవరు ఎవరిది కాపీ కొట్టారు?"

గొడుగులక్క బాబాయి వైపు చూసింది. బాబాయి తల దించుకున్నాడు. తాళాలాయన ముందుకొచ్చి, "నేను చెబుతూనే ఉన్నాను అక్కా! అందరి ముందూ అన్నీ వాగితే ఇలాగే అవుతుంది. పైగా మనవాళ్ళ కొడుకులే అక్కడ పనిచేస్తుంటే..." అన్నాడు.

"ఆ మాటకే వస్తున్నా," అంది భూతద్దం మేడం. "అందరూ ఫ్యాను దగ్గరికి రండి. గుసగుసా, ముందు వీళ్ళ గొడుగు పట్టుకో."

ఫ్యాను హోరుమంది. గుసగుస జుట్టంతా వెనక్కి ఎగిరింది. చేతిలో గొడుగు ఊచలు విల్లులా వంగాయి, మళ్ళీ సర్దుకున్నాయి. ఎంత పెంచినా అంతే. దుకాణాలావిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇప్పుడు బజారు గొడుగు."

అదీ వంగింది. అదీ సర్దుకుంది. తాళాలాయన పెదవి మీద చిరునవ్వు మొలిచింది. మేడం గాలి ఇంకాస్త పెంచింది. పర్రున గుడ్డ చిరిగింది, సరిగ్గా ఎర్ర దారం ఉన్నచోటే! పక్కనున్న ఊచలన్నీ తిరగబడి, గొడుగు చచ్చిన కాకిలా వేలాడింది.

ఫ్యాను ఆపారు.

"పిన్నీ, ఆ ఎర్ర దారం ఏంటో ఇప్పుడు అందరికీ చెప్పు."

పిన్ని చేతులు తుడుచుకుంది. "దాన్ని మేం నాలిక అంటామండీ. తప్పు చేస్తే నాలిక కరుచుకుంటాంగా, అందుకని. ఎక్కడ తప్పుందో అక్కడ ఎర్ర దారం కడతాం. పొద్దున తప్పుల గంటలో మాట్లాడుకుని, సరిచేశాక విప్పేస్తాం. ఆ మొదటి గొడుగుకి మూడో ఊచ దగ్గర గుడ్డ చిరుగుతోందని నేనే కట్టాను. మడత కుట్టాలని తేలేసరికి ఆ ముక్క కనపడకుండా పోయింది. మిగతావన్నీ సరిచేశాం."

"అంటే," అంది మేడం దుకాణాలావిడతో, "మీరు కొన్న గొడుగుని చేసినవాళ్ళు వీళ్ళ తప్పుని కూడా భక్తిగా కాపీ కొట్టారు. తప్పుకి కట్టిన గుర్తుని గొప్ప కిటుకనుకుని ప్రతి గొడుగుకీ కుట్టారు! ఎవరు ఎవరిది ఎత్తారో ఇక వేరే చెప్పాలా?"

దుకాణాలావిడ ఫక్కున నవ్వింది. షెడ్డంతా గొల్లుమంది. తాళాలాయన ఒక్కడే నవ్వలేదు.

"ఇక ఎత్తింది ఎవరు? బాబాయి కాదు. ఆయనకి నాలిక సంగతి తెలుసు, మడత సంగతి తెలుసు. ఇచ్చేవాడయితే బాగుచేసిన గొడుగే ఇచ్చేవాడు. పిన్ని కాదు, కట్టిందే ఆమె. తప్పుల గంటలో కూర్చునే ఎవరూ కాదు. నాలిక అంటే తెలియని మనిషి ఈ షెడ్డులో ఒక్కరే. నమూనా కూడా ఆయన అల్మారాలోనే ఉంది."

"ఇది అన్యాయం!" తాళాలాయన గొంతు చించుకున్నాడు. "తెలియకపోతే దొంగనేనా? ఋజువేదీ?"

"పొద్దున మీరు ఆ దారాన్ని ఏమన్నారు?"

మేడం ఇటు తిరిగింది. "గుసగుసా, ఆ అట్టముక్క చదువు. అందరికీ వినపడాలి."

గుసగుస అట్టముక్క పట్టుకుంది. అన్ని కళ్ళూ తన మీదే. అప్పుడు గొడుగులక్క పక్కన తల దించుకుని నిలబడ్డ బాబాయి కనిపించాడు. గుసగుస ఊపిరి గట్టిగా పీల్చింది.

"బిగువు దారం దీని ప్రత్యేకత!"

కప్పు నుంచి వేలాడే గొడుగులు కూడా ఉలిక్కిపడ్డట్టయింది.

"ఈ షెడ్డులో ఎవరూ ఆ మాట వాడరు," అంది మేడం. "ఆ పేరు మీ సొంత కల్పన. బజారు గొడుగు మీరు చూడలేదు, ఎవరి నోటా వినలేదు. మీరే అన్నారు, గుసగుస రాసుకుంది కూడా. మరి మీ నోటి మాట వాళ్ళ అట్ట మీదికి ఎలా వెళ్ళింది?"

తాళాలాయన, "అక్కడ ఇంకా పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారు," అని గొణిగాడు. నడుమునుంచి తాళాలగుత్తి విప్పి బల్ల మీద పెట్టాడు. అది గలగలమంది. తర్వాత సంగతి పోలీసులు చూసుకున్నారు.

దుకాణాలావిడ కొత్త గొడుగు తెరిచి మూస్తూ, "మళ్ళీ ఇంకొకడు ఎత్తుకుపోతే?" అంది.

"పోనివ్వండి," అంది గొడుగులక్క. ఆ రోజు మొదటిసారి ఆమె గొంతు నిలకడగా ఉంది. "బాబాయి పొరపాటున మెత్తటి స్ప్రింగు వేసి, ఆ సంగతి తప్పుల గంటలో చెబితే ఈ గొడుగు పుట్టింది. వాడు ఇది కాపీ కొట్టేలోగా మేం ఇంకో పది తప్పులు చెప్పుకుని ఇంకా మంచిది చేస్తాం. అల్మారాలో పెట్టిన గొడుగు పెట్టినచోటే ఆగిపోయింది, చూశారుగా."

"సరుకు పంపండి," అంది దుకాణాలావిడ. "అన్ని దుకాణాలకీ."

*

మర్నాడు పొద్దున భూతద్దం మేడం, గుసగుస తప్పుల గంటకి వెళ్ళారు. అందరూ గుండ్రంగా కూర్చున్నారు. బాబాయి వచ్చి తన కుర్చీలో కూర్చోబోయి ఆగాడు.

కుర్చీ చేతికి ఎర్ర దారం కట్టి ఉంది.

"ఎవరిదిది?" అన్నాడు.

గొడుగులక్క లేచి నిలబడింది. "నాది బాబాయ్. నిన్ను అనుమానించాను. కంప్లెయింటు ఇస్తానని కూడా అన్నాను."

బాబాయి ఆ దారాన్ని వేలితో మీటాడు.

"సరిచేయకుండా నాలిక విప్పకూడదు కదా తల్లీ. ఎలా సరిచేస్తావు?"

"ఈసారి ఏదయినా అనుమానం వస్తే ముందు నిన్నే అడుగుతా."

"నా మొహం చూసి?"

"నీ మొహం చూసే."

బాబాయి వంగి ముడి విప్పాడు. దారాన్ని జేబులో వేసుకుని కుర్చీలో కూర్చుని, "సరే, తరువాతి తప్పు ఎవరిది?" అన్నాడు.

"నాది!" అని గట్టిగా అరిచింది గుసగుస, పిన్ని వైపు చూసి నాలిక కరుచుకుంటూ.