గోడ పిలిచిన పేరు

పోలమ్మ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తుంటే లోపలి నుంచి పిలుపు వచ్చింది.

"పోలమ్మా, లెగు. తుపానొస్తంది. ఇల్లు ఇడిసి పద."

చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. అది ఆమె మొగుడు తవిటయ్య గొంతు. తవిటయ్య జ్వరంతో పోయి ఏడాది దాటింది.

తీరంలో ప్రతి ఇంటికీ గోడలో అమర్చిన ఒక గోడపలుకు ఉంది. గాలి ఎటు వీస్తోందో, వేటకు పోవచ్చో కూడదో రోజూ అది ఎవరిదో ఊరూపేరూ లేని గొంతుతో చెబుతుంది. ప్రాణాల మీదికి వస్తే మాత్రం ఆప్తస్వరంలో పలుకుతుంది. సైరన్లు మోగినా, ఫోన్లు గగ్గోలు పెట్టినా "మనకేటి కాదులే" అని కూర్చున్న జనం, ఇంటి మనిషి కసిరితే లేచి నడిచారట. అందుకని ఇంటింటా ఒకరి గొంతు పట్టి దాచారు; ఆ గొంతుతో గోడపలుకు ఏ మాటైనా అల్లి చెప్పగలదు. ఈ ఇంటికి గొంతు ఇచ్చింది తవిటయ్య. ఎవరిని హెచ్చరిస్తే వారి పేరు పలకాలన్నది తుపాను హెచ్చరికల కేంద్రం పెట్టిన నియమం.

చిక్కంతా అక్కడే వచ్చింది. బతికుండగా తవిటయ్య పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "ఓలె" అనేవాడు. మహా ముద్దొస్తే "ఓలె, ఇటు రాయే" అనేవాడు. ఆమె కూడా అతని పేరు ఎత్తేది కాదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఆ వాడలో నమ్మకం.

పోలమ్మ లోపలికి వెళ్లి గోడ కింద చతికిలబడింది. ఇంట్లో ఊపిరి ఉందని శ్వాసగ్రాహికి తెలుస్తున్నంతసేపూ గోడపలుకు పిలుస్తూనే ఉంటుంది. ఇల్లు ఖాళీ అయితేనే ఆగుతుంది. మాట వింటే మనిషి కదులుతుందని లెక్కగట్టిన పెద్దలకు, ఆ మాట కోసమే కదలని మనిషి ఉంటుందని తోచలేదు.

వాడంతా తలదాచుకోవడానికి తుపానింటికి చేరింది. దాని బాధ్యత చూసే ఎదురింటి హంసిని, పోలమ్మ కనబడక పరుగున వెనక్కి వచ్చింది.

"ఓలమ్మో! ఇంకా ఇక్కడే ఉన్నావేటత్తా? సంద్రం రోడ్డెక్కీసింది!"

"ఉండే. ఇంకోపాలి పిలవనీ."

"ఎవురు?"

"మీ మావ."

"పోలమ్మా, లెగు," అంది గోడ.

పోలమ్మ మొహం కొత్త పెళ్లికూతురి మొహంలా అయింది. "ఇన్నావా? పేరెట్టి పిలుస్తన్నాడు! ఇన్నేళ్ల కాపరంలో ఒక్కపాలి పిలిస్తే ఒట్టు. నానెల్లిపోతే మరి పిలవడు కదే. ఎలా వొచ్చేదే నాను?"

హంసిని పోలమ్మ చెయ్యి పట్టి లాగింది. ఆమె కదల్లేదు. గుమ్మంలోకి నీళ్లు వచ్చాయి. హంసిని ఏడుపు ఆపుకుంటూ చేతిపలక మీద కేంద్రాన్ని పిలిచి సంగతంతా గబగబా చెప్పింది.

కేంద్రం యంత్రం తాపీగా జవాబిచ్చింది. "ఆప్తస్వరాన్ని తుపానింటికి బదిలీ చేయవచ్చు. స్వరదాత పేరును ఇంటివారే పలకాలి."

"పేరు సెప్పత్తా! మావ గొంతు మనతో వొచ్చేస్తాది. అక్కడ పేర్లు పిలిచేటప్పుడు నిన్ను మావే పిలుస్తాడు."

"సీ, ఊరుకో! మొగుడి పేరు ఎవురైనా నోటితో సెప్తారేటి? ఆయుస్సు తగ్గి..."

పోలమ్మ మాట మింగేసింది. తగ్గడానికి ఇంకేం మిగిలిందని? కొంగు తల మీదికి లాక్కుని, సిగ్గుపడుతూ గోడ వైపు చూసి, "తవిటయ్య," అని గొణిగింది.

వినబడలేదంది యంత్రం.

"తవిటయ్యా!" అని గట్టిగా పిలిచింది. గోడ ఆగిపోయింది. పోలమ్మ హంసిని చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దిగింది.

తుపానింట్లో తలుపులు మూశాక, అందరూ వచ్చారో లేదో చూడటానికి పేర్లు పిలవసాగింది అక్కడి గోడపలుకు. ముందు కొందరివి మామూలు గొంతులోనే పిలిచింది. ఆ తర్వాత, "పోలమ్మా," అంది తవిటయ్య గొంతు.

జనం ఒక్కసారిగా గోడ వైపు తిరిగారు. పోలమ్మ పలకలేదు.

"పోలమ్మా."

"పలకవేటే?" అని పక్కనున్న ముసలామె మోచేత్తో పొడిచింది. హంసిని ఆమెను వారించింది. పలికితే పిలుపు ఆగిపోతుందని ఆ పిల్లకు తెలుసు.

"పోలమ్మా."

బయట గాలి తలుపుల్ని బాదుతోంది. పోలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇంక పలుకుతానే. పాపం, మిగతావోళ్ల పేర్లు కూడా పిలవాల కదా," అంది హంసినితో.

తర్వాత తల పైకెత్తి, "వొచ్చీసినాను, తవిటయ్యా," అని పలికింది.