కుడి తలుపు వెనక గిన్నె

"చల్లారిపోతోంది, రండి తిందాం" అనే మాట కొత్త రేపల్లెలో అప్పటికి ఎవరి నోటా వినిపించేది కాదు.

పాత రేపల్లెను సముద్రం తీసేసుకుని ఇరవై రెండేళ్ళయింది. ఊరంతా ఎగువకు తరలివచ్చి, గట్టి నేల చూసుకుని వరసగా ఇళ్ళు కట్టుకుంది. ప్రతి వంటింట్లోనూ గోడకు ఆనుకుని రెండు తలుపుల ఫ్రిజ్ నిలబడింది. అది వచ్చాక కూర పాచిపోవడం, పాలు విరగడం పిల్లలకు పాఠంలో చెప్పాల్సిన సంగతులయ్యాయి. పదహారేళ్ళ పున్నమ్మ విరిగిన పాలను పుస్తకంలో బొమ్మగానే చూసింది. ముత్తవ్వల పేర్లు మళ్ళీ వాడుకలోకి వచ్చిన రోజులవి. అమ్మ లాస్య, నాన్న చరణ్, కూతురు మాత్రం పున్నమ్మ.

ఆ ఫ్రిజ్‌లో ఎడమ తలుపు వెనక ఉన్నది మామూలు చలి అరే. విశేషమంతా కుడి తలుపు వెనక ఉండేది. శాస్త్రవేత్తలు దాన్ని టెంపోరల్ డ్యాంపర్ అన్నారు, పాఠ్యపుస్తకం కాలమాంద్య యంత్రం అంది, ఊళ్ళో జనం నిదానపు అర అన్నారు. అందులో చల్లదనం ఉండదు. కాలమే మెల్లగా నడుస్తుంది. బయట ఒక సంవత్సరం గడిస్తే లోపల పది సెకన్లు గడుస్తాయి. పొయ్యి మీంచి దింపిన పప్పును అందులో పెట్టి మరుసటి ఏడాది తీసినా ఆవిరి మొహానికి కొడుతుంది. లోపల మూడు సొరుగులు, దేని కాలం దానిదే. ఒకటి లాగితే మిగతా రెండింటికీ ఏమీ కాదు. ప్రతి సొరుగు మీదా చిన్న అంకెలు వెలుగుతుంటాయి: లోపలి కాలం ఇంత అని.

అయితే కాలాన్ని పట్టి ఆపడం ఊరికే అయ్యే పని కాదు. ఆ శ్రమకు పుట్టే వేడి రెండు అరల నడిమి గోడలోంచి దిగి, అడుగున ఉన్న కాయిల్ ద్వారా బయటికి పోవాలి. అందుకని ఆరు నెలలకోసారి కాయిల్ దుమ్ము దులపాలి. తలుపుల చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ తుడవాలి. చివరగా కుడివైపు మొత్తాన్ని నలభై నిమిషాలు ఆపి, నడిమి గోడను ఆరనివ్వాలి. ఆ నలభై నిమిషాలూ లోపల కాలం అందరి కాలంలాగే నడుస్తుంది.

పున్నమ్మ వాళ్ళింట్లో ఆ పని చేసి ఆరేళ్ళు దాటింది.

కారణం అడుగు సొరుగు. లాస్య బతికుండగా చివరిసారి ఏదో వండి అందులో పెట్టింది. తర్వాత కొన్నాళ్ళకే ఒక పొద్దున పెరట్లో కూలబడి, మళ్ళీ లేవలేదు. అప్పటికి పున్నమ్మకు పదేళ్ళు. చరణ్ ఆ సొరుగును ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "మీ అమ్మ మన కోసం దాచిందమ్మా" అనేవాడు. ఏటా ఆమె తిథినాడు దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. బాగుచేసే మనిషి వస్తే గుమ్మంలోంచే పంపించేసేవాడు. పున్నమ్మ మాత్రం ఆ అంకెలు చూస్తూ పెరిగింది. ఏడాదికి పది. ఇప్పుడు అరవై ఒకటి. బయట తను గౌనులోంచి లంగావోణీలోకి వచ్చింది. లోపల అమ్మ మూతపెట్టి ఒక్క నిమిషమైంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఫ్రిజ్‌లోంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. కింద నీళ్ళు చేరాయి. ఎడమ అరలో పాలగిన్నె తీసి చూస్తే పాలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. పున్నమ్మ వాసన చూసి మొహం పక్కకు తిప్పుకుంది.

"ఏమైంది నీకు?" అంది ఫ్రిజ్‌తో. మనుషులతో మాట్లాడాలంటే గొంతు పెగలని పిల్లకు యంత్రంతో ఆ ఇబ్బంది లేదు.

"నడిమి గోడ వేడెక్కుతోంది. ముందు తలుపు పట్టీ చూడండి. ఒక కాగితం మధ్యలో ఉంచి తలుపు వేసి, లాగండి."

కాగితం అడ్డు లేకుండా జారి వచ్చేసింది.

"పట్టు లేదు. సబ్బునీళ్ళతో తుడవండి. ఎడమ కాలు కుంగింది, అందుకే రెండు తలుపులూ ఒక ఎత్తులో లేవు. కింది మరను కుడివైపుకి రెండు చుట్లు తిప్పండి."

"ఇదంతా ముందే చెప్పొచ్చుగా?"

"పదకొండుసార్లు చెప్పాను. మీ నాన్నగారు నా గొంతు తగ్గించేశారు."

ఆ సమాధానానికి మరో రోజైతే ఆమెకు నవ్వొచ్చేది. పట్టీ తుడిచి, మర తిప్పి, కింది జాలీ ఊడదీసింది. కాయిల్ మీద దుమ్ము దుప్పటిలా పేరుకుపోయి ఉంది. కుంచెతో లాగుతుంటే బూజుతో పాటు ఒక పొడవాటి వెంట్రుక వచ్చింది. తన జుట్టు భుజాలు దాటదు. నాన్నకు బట్టతల. పున్నమ్మ ఆ వెంట్రుకను వేలికి చుట్టుకుంది.

"ఇప్పుడు కుడివైపు ఆపాలి," అంది యంత్రం.

"ఆపకపోతే?"

"సాయంత్రంలోగా అదే ఆగిపోతుంది. మళ్ళీ మొదలవదు."

"నలభై నిమిషాలకి ఏమీ పాడవదు కదా?"

"పాడవదు. చల్లారుతుంది. నేను వేడిని నిలపగలను. పోయిన వేడిని తెచ్చిపెట్టలేను."

అమ్మ వెలిగించిన పొయ్యి వేడి. ఈ భూమ్మీద అది ఇంకెక్కడా లేదు. పున్నమ్మ కరకట్ట మీద కాపలా డ్యూటీలో ఉన్న తండ్రికి ఫోన్ చేసింది. చెప్పిందంతా ఆయన విన్నాడు. వెనక అలల హోరు వినబడుతోంది.

"వేరే దారేం లేదా తల్లీ?"

"దగ్గర్లో ఇంకో నిదానపు అర ఉంటే అందులోకి మార్చొచ్చంట నాన్నా. పక్కన తన్మయత్త వాళ్ళదే ఉంది."

"ఆవిడింటికా!" అని ఆగిపోయాడు. "సరే. నువ్వే చూడమ్మా. మూత మాత్రం తియ్యకు."

పక్కింటి తన్మయి, లాస్య ఒకప్పుడు గోడ మీద మోచేతులానించి పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఒకసారి తన్మయి కూర పంపిన గిన్నెను లాస్య నెల దాటినా తిరిగివ్వలేదు. గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, తన్మయికి ఇష్టమైన చింతచిగురు దొరికేదాకా ఆగింది. ఉప్పుగాలికి ఆ చుట్టుపక్కల చింతచెట్లే లేవు. అది తెలియక తన్మయి నలుగురిలో, "తీసుకోవడం తెలిసినంత బాగా ఇవ్వడం తెలీదమ్మా కొందరికి" అనేసింది. అంతే, మాటలు ఆగిపోయాయి. తర్వాత లాస్య పోయినప్పుడు తన్మయి గేటు దగ్గర నిలబడి ఏడ్చి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయింది.

పున్నమ్మ అడుగు సొరుగు లాగింది. అరవై ఒకటి అరవై రెండయింది, అరవై మూడయింది. ఆరేళ్ళలో ఎన్నడూ చూడని వేగంతో అంకెలు పరిగెత్తాయి. లోపల ఒకే ఒక్క స్టీలు గిన్నె ఉంది. గిన్నె దింపేటప్పుడు చీరకొంగు కాలిన వాసనలాంటిది, నేతి వాసన, వెల్లుల్లి తాలింపు అన్నీ కలిసి ఒక్కసారిగా వచ్చాయి. గుడ్డతో పట్టుకుని పైకెత్తింది. మూత కింద అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఉంది.

బి. తన్మయి.

"ఇది మాది కాదు!" అంది పున్నమ్మ. "మా కోసం కాదా ఇది?"

"కాదు. తన్మయిగారికి ఇవ్వాలని, రోజూ పొద్దున గుర్తుచేయమని లాస్యగారు నాకు చెప్పారు. పదకొండు రోజులు గుర్తుచేశాను. ప్రతిసారీ 'రేపు ఇస్తాలే, పాడవదుగా' అన్నారు. పన్నెండో రోజు ఎవరూ పలకలేదు."

"మాకెందుకు చెప్పలేదు?"

"అది ఆవిడ అప్పగించిన మాట. మీరు అడగలేదు."

పున్నమ్మ చేతుల్లో గిన్నె కాలుతోంది. రేపు ఇస్తాలే. అమ్మకూ గొంతు పెగిలేది కాదన్నమాట. తనకొచ్చిన బెరుకు ఎవరిదో ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. కుడివైపు మీట నొక్కేసి, పరుగులాంటి నడకతో గేటు దాటింది.

తన్మయి వరండాలో బట్టలు మడతపెడుతోంది. తలంతా నెరిసిపోయింది.

"ఎవరూ? పున్నివా? ఏంటే, ఇన్నాళ్ళకి దారి కనబడిందా?"

పున్నమ్మ ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంది. తీరా ఎదురుపడ్డాక ఊరికే గిన్నె చాపింది. తన్మయి అంచు మీది పేరు చూసి, చూపు ఎత్తకుండానే మూత తీసింది. చింతచిగురు పప్పు. మధ్యలో నెయ్యి ఇంకా పూర్తిగా కరగలేదు.

"ఎవరు చేశారే?"

"అమ్మ."

తన్మయి గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది. "అమ్మేంటే..." అంటూనే అంతా అర్థమైపోయింది ఆమెకు. కళ్ళు తుడుచుకోలేదు. ఒక వేలితో పప్పు అంచు తాకి నాలిక మీద రాసుకుంది.

"ఉప్పు తక్కువేసింది. నాకు బీపీ అని." మూత పక్కన పెట్టి, "ఆ రోజే తెచ్చిచ్చి ఉంటే నాలుగు తిట్లు తిట్టి కావిలించుకునేదాన్ని కదే పిచ్చిదాన్ని!" అంది.

తర్వాత ఆమె లేచి మూత పెట్టేసింది. గిన్నెను గుండెలకు ఆనించుకుని వంటింట్లోకి నడిచింది.

"ఎక్కడికత్తా?"

"లోపల పెట్టేస్తానే. తినేస్తే అయిపోతుంది. ఇంకేం మిగులుద్ది నాకు?"

ఆమె కుడి తలుపు తీసి పై సొరుగు లాగింది. అక్కడ చోటు లేదు. నడిమిది లాగింది. అందులో ఒక గిన్నె ఉంది. తన్మయి గబుక్కున మూయబోయింది గానీ, పున్నమ్మ అప్పటికే చూసేసింది. పాలతాలికలు, బెల్లపు పాకం మీద ఆవిరి. గిన్నె అంచు మీద చుక్కలతో చెక్కిన పేరు: ఎం. లాస్య. సొరుగు మీది అంకె అరవై రెండు.

"నోరు జారాను కదా," అంది తన్మయి, తలుపుకి చెబుతున్నట్టు. "మర్నాడే చేశాను. మీ అమ్మ ముందు పలకరిస్తే ఇద్దామని... పాడయ్యేదైతే ఆ సాయంత్రమే తెచ్చేదాన్ని."

గోడకు ఇవతల ఒక గిన్నె, అవతల ఒక గిన్నె. పదకొండు రోజులు రెండూ పొగలు కక్కుతూ ఎదురుచూశాయి. వంద గజాల దూరం లేదు. ఆ యంత్రాన్ని కనిపెట్టినవాళ్ళు మనిషి ఆకలి గురించి లెక్కవేశారు, వృథా గురించి లెక్కవేశారు. పాడైపోతుందన్న తొందర మనిషిని పక్కింటి గడప ఎక్కించేదని మాత్రం ఏ ప్రయోగశాలలోనూ ఎవరికీ తోచలేదు.

తన్మయి రెండు గిన్నెలనూ పక్కపక్కన సొరుగులో సర్దుతోంది. పున్నమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. పెద్దవాళ్ళ చెయ్యి అలా పట్టుకోవడం ఆమెకు అదే మొదలు.

"వద్దత్తా. చల్లారిపోతోంది. తిందాం."

ఆ మాట తనకెలా వచ్చిందో పున్నమ్మకు తెలియదు. తన్మయి మాత్రం ఉలిక్కిపడి చూసింది, చిన్నప్పుడెప్పుడో పోయిన వాళ్ళెవరో వెనకనుంచి పిలిచినట్టు.

ఇద్దరూ నేల మీద కూర్చుని తిన్నారు. తన్మయి ప్రతి ముద్దకీ ఆగుతుంటే పున్నమ్మ "తినత్తా" అని గద్దించింది. తిన్నంత తిని, నాన్న వాటా పప్పు గిన్నెలో మిగిల్చి, తెరిచి ఉన్న కుడి తలుపు వైపు చూడకుండా పున్నమ్మ కరకట్టకు బయలుదేరింది.

కరకట్ట రెండు మైళ్ళు. ఎదురుగాలి. మొదట గిన్నె అరచేతులకు వేడిగానే తగిలింది. చెరువు దాటేసరికి వెచ్చగా ఉంది. ఉప్పుమడుల దగ్గర ఆమె దాన్ని వోణీలో చుట్టుకుని పొట్టకు ఆనించుకుంది. మెట్లెక్కేసరికి స్టీలు గాలిలాగే ఉంది.

చరణ్ గిన్నె అందుకుని, అడుగున అరచెయ్యి పెట్టి చూశాడు. తిథినాడు సొరుగు మీద పెట్టినట్టే.

"చల్లారిపోయింది నాన్నా," అంది పున్నమ్మ.

ఆయన సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. మూత తీసి పక్కన పెట్టాడు.

"తెలుసులేమ్మా," అని, తన క్యారేజీ అన్నంలో పప్పు కలుపుకున్నాడు.