దొరసాని వెంట పంపిన ఆవు

ఊరవతల బురదనేల గట్టున ఉన్న సమాధి దిబ్బల దగ్గర పొద్దుగూకాక ఎవరూ నిలబడరు. లోపల పూడ్చినవాళ్లు ఒంటరిగా పోలేదు మరి... గుర్రాల్నీ కుక్కల్నీ వెంటబెట్టుకు పోయారు. అక్కడి కంపు ముక్కుకి తగిలితే ఇల్లు చేరినా వదలదంటారు.

కొత్తగా అక్కడ చేరింది దొర తల్లి. కొడుకు బాప్తిస్మం తీసుకున్నాడు గానీ, ఆవిడ మాత్రం పాత పద్ధతిలోనే పోతానని పట్టుబట్టింది — సమాధిలో పక్కన పాడి ఆవు ఉండాల్సిందే! దొర మందలో ఆవులకి కొదవా? అయినా ఎబ్బా అనే పేదరాలి ఇంటి ఒక్కగానొక్క ఆవునే తోలుకుపోయారు. ఎద్దు పుండు కాకికి నొప్పా!

ఎబ్బా దగ్గర పెరుగుతున్న తల్లి లేని చంటి మనవడికి ఆ పాలే ఆధారం. వాడిప్పుడు ఏడవడం కూడా మానేశాడు.

ఎబ్బా మఠం ఫాదరు కాళ్ల మీద పడింది. ఆయన దూడతోలు పుస్తకం తెరిచి, రెక్కలున్న ఎద్దు బొమ్మ చూపించాడు.

"ఊరుకోమ్మా. ఇది సువార్త రాసిన లూకాగారి గురుతు. దేవుడి దగ్గర పశువుకీ చోటుంది."

ఎబ్బాకి అర్థమైంది ఒకటే — దేవుడు తన ఆవుని మట్టిలో ఉంచడు.

తిరిగొచ్చేసరికి చీకటి. దిబ్బల పక్కనుంచే దారి. గాలి లేదు... నాలుకకి తగిలేంత కంపు. గట్టు మీదే కక్కేసింది. తలెత్తేసరికి —

"అంబా..."

చెవి చిరిగిన తన ఆవే! రెక్కలైతే లేవు. ఒళ్లంతా మట్టి.

"వచ్చావా, నా తల్లీ..." మెడ కావలించుకుంది. చేతులకి ఏదో జిగటగా అంటింది. ఛీ అనుకుని గడ్డికి తుడుచుకుంది.

ఇంటికి తోలుకొచ్చి, చీకట్లోనే పాలు పితికింది. చల్లగా ఉన్నాయి పాలు. అయితేనేం, పసివాడు గుటకలు వేశాడు... కళ్లు తెరిచాడు.

తెల్లారి గుమ్మంలోకి డుడ్డా వచ్చాడు. దొర ఇంట పశువుల్ని కోసేది వాడే.

"తప్పయిపోయిందక్కా. నీ ఆవు గొంతు కోసింది నేనే. ముసలావిడ పక్కన పడుకోబెట్టిందీ నేనే... నిద్ర పట్టట్లేదు."

"నోర్ముయ్యరా! ఎక్కడో దాచారు, దేవుడు విడిపించాడు. అదిగో, పాకలో ఉంది... చూసుకో."

డుడ్డా తొంగిచూశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి పరుగెత్తాడు.

ఎబ్బా వెళ్లి చూసింది.

ఆవు మేత నములుతోంది. మింగిందంతా గొంతు కింద కోతలోంచి జారి నేల మీద పడుతోంది... పురుగులతో సహా.

ఇంట్లో పసివాడు ఆకలికి కేరుమన్నాడు — ఎన్నాళ్లకో, గట్టిగా.

ఎబ్బా ముక్కుకి గుడ్డ కట్టుకుని, పాలకుండ అందుకుంది.