ఒట్టు విత్తనం

పొద్దున్నే భాగ్యం వంకాయ కూర రెండు గిన్నెల్లో వండుతుంది. ఒక గిన్నె కూతురి డబ్బాకు. ఆ కాయలు పెద్ద మార్కెట్లో కొన్నవి. రెండో గిన్నె తనకూ, మొగుడికీ. ఆ కాయలు సొంత తోటవి. ఎవరైనా సొంత తోట కాయ బిడ్డకు పెడతారు. ఈ ఇంట్లో మూడు నెలలుగా అంతా తలకిందులు.

అరవదేశంలోని ఒర్లియంపేటలో ఇరుకు సందు, ఇరుకు ఇల్లు. మిల్లులో పనిచేసి రిటైరైన దామోదరన్ వంటింటి గడప దగ్గర కూర్చుని సద్దన్నంలో కూర కలుపుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో మొహం ముడుచుకుపోయింది.

"ఏమే భాగ్యం, దీంట్లో వేపాకు ఏమన్నా ఏసినావా?"

"మెల్లగా. పాప్పా లేచేసింది."

"లేస్తే? చేదును చేదంటే పోలీసోడు పట్టుకుంటాడా?"

"తింటే తినండి, లేకుంటే పక్కన పెట్టండి. నోరు మాత్రం తెరవొద్దు."

"నోరు తెరవకుండా ఎట్ల తినేది? అది కూడా నువ్వే చెప్పు."

ఇంకో రోజైతే భాగ్యం నవ్వేది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. ఆమె చెవులు అక్కడే ఉన్నాయి.

పాప్పా అంటే హేమమాలిని. ఒక్కతే కూతురు. వ్యవసాయం చదివింది, కూరగాయల పథకం ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. ఆ ఏడు, రెండువేల ఆరులో, వీధి వీధంతా చికున్‌గున్యాతో మూలిగింది. అందరికీ వచ్చినట్టే హేమకూ వచ్చింది. జ్వరం పోయింది, కీళ్ళ నొప్పులు పోలేదు. మణికట్లు వాచి, జడ కూడా తను వేసుకోలేకపోతోంది. గోడ పట్టుకుని నడుస్తుంటే, ఆ అడుగుల చప్పుడును భాగ్యం వంటింట్లోంచే లెక్కపెట్టేది.

అది దోమవల్ల వచ్చిందని డాక్టరు చెప్పాడు. భాగ్యం తల ఊపింది. నమ్మలేదు. అది ఒట్టువల్ల వచ్చిందని ఆమెకు తెలుసు.

పోయినేడు హేమ ఒక విత్తనాల ప్యాకెట్టు తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. "అమ్మా, ఇది ఒట్టు విత్తనం. ఈసారి ఇదే ఏయి" అంది. పిల్లకు ఒట్లు వేసే అలవాటే లేదు. చిన్నప్పుడు పలక పోగొట్టుకుని కూడా ఒట్టు వేయలేదు. అలాంటిది ఒట్టు వేసి ఇచ్చిందంటే, భాగ్యం ఆ ప్యాకెట్టును కళ్ళకద్దుకుని నాటింది. మొదటి ఏడు కాపు విరగకాసింది. మంచి కాయలు ముగ్గబెట్టి, గింజ తీసి, ఎప్పుడూ చేసినట్టే ఈ ఏటికి దాచింది. అడిగిన వాళ్ళకు నారు కూడా పంచింది. ఈ ఏడు కాపు చెడింది. చెడిందని ఎవరైనా హేమ చెవిన పడేలా అంటే ఒట్టు తప్పినట్టే. తప్పిన ఒట్టు వేసిన వాళ్ళ తల మీదే పడుతుంది. ఇప్పటికే కీళ్ళ దాకా వచ్చింది. ఇంకా పైకి రాకూడదు. అందుకే రెండు గిన్నెలు. అందుకే మొగుడి నోటికి తాళం.

"డబ్బాలో ఏంటమ్మా, వంకాయేనా?" హేమ గడప దగ్గరకొచ్చి నిలబడింది. "నిన్న ఆఫీసులో అందరూ లాగేసుకున్నారు. మా తోటది అని గొప్పలు చెప్పినా."

దామోదరన్ భార్యను చూశాడు. భాగ్యం డబ్బా మూత గట్టిగా నొక్కింది.

అప్పుడే వీధి తలుపు దబ్బుమంది. దామోదరన్ చెల్లెలు సెంగమలం, నెత్తిన గంపతో. ఆమె పొలం కూడా మేట్టుపాళయం ఫ్యాక్టరీల వెనకే, భాగ్యం తోటకు గట్టు పక్కన. గంప దించలేదు, కుమ్మరించింది. వంకాయలు వాకిలంతా దొర్లాయి. ఒకటి పొడుగు, ఒకటి గుండ్రం. ఒకటి ఊదా, ఒకటి పచ్చ, ఇంకొకటి పాలిపోయిన తెలుపు. కొన్నింటి తొడిమల నిండా ముళ్ళు.

"చూడు వదినా, నీ నారు కాసిన కాపు! మార్కెట్లో ఏలం పాడేవాడు నన్ను చూసి ఏమన్నాడో తెలుసా? 'ఏమక్కా, వంకాయల కల్యాణానికి వూరూరి చుట్టాల్ని పిలుచుకొచ్చినావా' అన్నాడు. అందరూ నవ్వినారు. గంపతో తిరిగొచ్చినా."

"సెంగమలం, లోపలికి రా. మెల్లగా మాట్లాడు" భాగ్యం చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు మెల్లగా? నీ కూతురు ఒట్టు ఏసిందంటివే! ఆ మాట మీదనే కదా నా పొలమంతా నాటినా? యాడ పోయింది ఆ ఒట్టు?"

భాగ్యం ఒక్క అంగలో వెళ్ళి ఆడబిడ్డ నోరు మూసింది. "అనొద్దు. నీకు దండం పెడతా. ఆ మాట మాత్రం అనొద్దు."

హేమ కిందకు వంగలేక వంగి ఒక కాయ తీసింది. తిప్పి చూసింది. ఇంకోటి తీసింది. ఆమెకు ముందు అర్థమైంది, ఆ తర్వాత కోపం వచ్చింది.

"అమ్మా, ప్యాకెట్టు విత్తనం కాయల నుంచి గింజ దాచినావా?"

"దాచకుండా?"

"హైబ్రిడ్ విత్తనం ఎవరన్నా దాచిపెడతారా? అది ఒక్క ఏడే! రెండు వేరే వేరే రకాల్ని కలిపి చేసిందది. దాని గింజ ఏస్తే తల్లి ఒకవైపు, తండ్రి ఒకవైపు లాగి, కాయకో రూపం, చెట్టుకో బుద్ధి వస్తాది. ప్రతి మీటింగులో మైకు పట్టుకుని గొంతు పోయేలా చెప్తాండా, గింజ దాచొద్దని!"

"మాకు యాడ మీటింగు పెట్టినావు?" సెంగమలం అడ్డం వచ్చింది. "పోయినేడు మీ జీపొచ్చింది, సబ్సిడీ ప్యాకెట్లు పంచినారు. ఈ ఏడు అడిగితే ఆ పథకం అయిపోయింది, ఇప్పుడు అరటికే సబ్సిడీ అన్నారు. అంగట్లో ప్యాకెట్టు మా చేతికి అందదు. గింజ దాచక ఏం తినమంటావు, అరటాకా?"

దానికి జవాబు హేమ పైవాళ్ళ దగ్గరా లేదు. పథకం వచ్చేటప్పుడు మేళంతో వస్తుంది, పోయేటప్పుడు ఎవరికీ చెప్పదు. పాత విత్తనం మాన్పించిన వాడికి రెండో ఏడు కొత్త విత్తనం ఇచ్చే బాధ్యత ఉందని ఏ కాగితంలోనూ ఎవడూ రాయలేదు. ఎన్ని ఎకరాలు మారాయో లెక్క పైకి పోయింది, లెక్క పంపినవాడికి మెప్పు వచ్చింది. మిగిలింది వాకిట్లో దొర్లుతోంది.

జవాబు లేనివాళ్ళు ఇంట్లో వాళ్ళ మీదే విరుచుకుపడతారు. హేమ తల్లి వైపు తిరిగింది.

"నీకు చెప్పినా కదమ్మా! చేతిలో పెట్టి మరీ చెప్పినా, ఇది ఒట్టు విత్తనం అని!"

"చెప్తివి" అంది భాగ్యం. "చెప్తివి కాబట్టే నమ్మినా. నువ్వు ఒట్టు ఏస్తే నేను నమ్మనా?"

"నేనెప్పుడు ఒట్టు ఏసినా?"

"ఒట్టు విత్తనమని నువ్వే కదా అంటివి."

హేమ ఏడుపు లాంటి నవ్వు ఒకటి నవ్వింది.

"అమ్మా... అది అరవం మాట. ఒట్టు రకం అంటే హైబ్రిడ్, అంటు కట్టినట్టు కలిపిన రకం. మా పుస్తకాల్లో, ఆఫీసులో, అందరం అట్లనే అంటాం. మన ఒట్టు కాదమ్మా అది."

దామోదరన్ ఎంగిలి చెయ్యి ఎండిపోతుంటే గోడకానుకుని నిలబడ్డాడు.

తరతరాలుగా ఈ ఊళ్ళో ఉన్నారు. వీధిలో అరవం, ఇంట్లో తెలుగు. హేమ బళ్ళో అరవం చదివింది, కాలేజీలో ఇంగ్లీషు. ఆమెకు శాస్త్రం వచ్చింది ఆ రెండు భాషల్లోనే. ఇంటి భాషలో దానికి చోటు ఎక్కడుందో ఆమె ఎప్పుడూ వెతకలేదు. మీటింగుల్లో అందరికీ అరవంలో విడమరిచి చెప్పిన మనిషి, తల్లికి తెలుగు మధ్యలో ఒక్క అరవం మాట విసిరి ఆఫీసుకు పోయింది. మా అమ్మే కదా, తెలుస్తుందిలే అనుకుంది.

"సరే, జరిగింది జరిగింది" హేమ కణతలు నొక్కుకుంది. "ఇవన్నీ పీకేద్దాం. మన పాత బొట్టు వంకాయ గింజ ఉంది కదా, అదే మళ్ళీ నారు పోద్దాం. అత్తకు కూడా ఇద్దాం. పిడకల్లో పెట్టి గోడకు కొట్టుంటావే, యాడ పెట్టినావు?"

కొసన తెల్లటి చుక్కతో, పసుపు నీళ్ళు తాగినట్టుండే కాయ. దామోదరన్ తల్లి కోడలికి ఇచ్చింది అదొక్కటే. గింజను పేడలో అద్ది, పిడక చేసి వంటింటి గోడకు కొట్టేవాళ్ళు. పురుగు చేరేది కాదు.

భాగ్యం గోడ వైపు చూసింది. గోడ మీద సున్నం తప్ప ఏమీ లేదు.

"యాడమ్మా?"

"లేదు పాప్పా."

"లేదంటే?"

"కాల్చేసినా." ఆమె కొంగు అంచును వేలికి చుట్టుకుంటోంది. "పోయినేడు నీ కాపు వచ్చినాక. ఒట్టు ఏసిన విత్తనం ఇంట్లో పెట్టుకుని, పక్కన ఇంకోటి దాచుకుంటే ఏమని అర్థం? ఒట్టు మీద అనుమానం ఉండాదనే కదా? అనుమానం పెట్టుకుంటే నీకే కీడు. నీళ్ళ పొయ్యిలో పెట్టేసినా. ఆ దినం శుక్రవారం. ఆ నీళ్ళే నీకు తలకు పోసినా."

హేమకు ఆ శుక్రవారం గుర్తులేదు. అన్ని శుక్రవారాల్లాగే ఉండి ఉంటుంది. అమ్మ వేళ్ళు తల రుద్ది ఉంటాయి. నీళ్ళు కమ్మగా, వేడిగా ఉండి ఉంటాయి.

"అత్తా, నీ దగ్గర..."

సెంగమలం తల అడ్డంగా ఊపింది. ఆమె కోపమంతా ఎటో పోయింది. "వదినే వద్దనుకున్నాక నేనెందుకు పెట్టుకుంటా పాప్పా? పోయినేడే వదిలేస్తి."

దామోదరన్ అప్పుడు మాట్లాడాడు, ఎవరి వైపూ చూడకుండా. "డబ్బాలో నీకు పెట్టేవి కొన్న కాయలు పాప్పా. మూడు నెలలుగా. చేదువి మేము తింటాండాం. నువ్వు రుచి చూసి చెడిపోయినాదంటే ఒట్టు నీ మీద పడతాదని మీ అమ్మ నా నోరు కట్టేసింది."

హేమ గోడ పట్టుకుని వెళ్ళి తండ్రి పళ్ళెం దగ్గర కూర్చుంది. ఆఫీసులో గొప్పగా పంచిన డబ్బాలన్నీ ఆమె ముందు వరుస కట్టాయి. తండ్రి పళ్ళెంలో మిగిలిన కూరను వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. భాగ్యం "వద్దు" అంటూ వచ్చేలోపే మింగేసింది.

"చేదుగా ఉందమ్మా" అంది, చిన్నపిల్లలా. "చానా చేదుగా ఉంది."

"అనేస్తివే" భాగ్యం నెత్తి మీద కొట్టుకుంది. "అనేస్తివే నా తల్లీ!"

ఆ పూట హేమ ఆఫీసుకు పోలేదు. వద్దన్నా వినకుండా తల్లితో ఆటో ఎక్కింది. మేట్టుపాళయం గోడౌన్ల గోడ తిరిగితే ముక్కాలెకరం తోట. గట్టు మీద నుంచి చూస్తే ఏ రెండు చెట్లూ ఒకలా లేవు. పొట్టివి, పొడుగువి, ఎదగనివి. ఒక తల్లి కడుపున పుట్టి ఒకరినొకరు ఎరగనట్టు నిలబడ్డాయి. ఇలాంటి బొమ్మ హేమ కాలేజీ పుస్తకంలో చూసింది. పరీక్షలో అడిగితే చక్కగా రాసింది, మార్కులు కూడా వచ్చాయి. ఆ బొమ్మలో వాళ్ళమ్మ లేదు.

"పీకేద్దామా?" అంది హేమ.

భాగ్యం కదల్లేదు. "ముందు ఒట్టు తీసేయ్."

"అమ్మా, నేను ఒట్టు వేయలేదని చెప్పినా కదా."

"నువ్వు ఏయలేదు. నేను ఇన్నా. ఇన్నది నాకు ఒట్టే. దాన్ని నమ్మి ఇంటి విత్తనం కాల్చినా. ఉత్త మాటకు కాలుస్తానా? తీసేయ్ పాప్పా. నీ చేతులు నేను చూడలేకపోతాండా."

దోమ సంగతి చెప్పడానికి హేమ నోరు తెరిచింది. తల్లి మొహం చూసి మూసుకుంది. కుడి చెయ్యి తల మీద పెట్టుకోబోయింది. భుజం దాకా కూడా లేవలేదు, సగంలోనే నొప్పితో ఆగింది. భాగ్యం ఆ మణికట్టును కింద నుంచి, పగిలే వస్తువును పట్టుకున్నట్టు పట్టుకుని, మెల్లగా ఎత్తి కూతురి తల మీద పెట్టింది.

"ఒట్టు తీసేస్తాండా" అంది హేమ. "మా అమ్మ నమ్మిన ఒట్టు, నేను తెలీక ఏసిన ఒట్టు, తీసేస్తాండా."

భాగ్యం ఆ చేతిని దించి, నేల వైపు మూడుసార్లు విదిలించింది. మూడు నెలలుగా బిగబట్టింది ఒక్కసారిగా తెగింది. చెట్ల మధ్య చతికిలబడి ఏడ్చింది. బిడ్డ కోసం కాదు ఇప్పుడు. అత్త ఇచ్చిన గింజ కోసం. గోడ మీద పిడకల కోసం. ఇక ఎవరి ఇంటి గోడ మీదా ఉండని కాయ కోసం.

హేమ పక్కన కూర్చుంది. తల్లి ఒక చెట్టును మొదలంటా పట్టి పీకింది. ఆ తర్వాత ఇంకోటి. హేమ రెండు చేతులతో ఒకదాన్ని లాగింది, రాలేదు. భాగ్యం తన చెయ్యి కూడా వేసింది. ఇద్దరూ లాగితే వచ్చింది.

"అమ్మా, యాడో ఒకచోట, ఎవరి పెరట్లోనో ఆ బొట్టు వంకాయ ఉండే ఉంటాది. ఊరూరూ తిరుగుతా. వెతికి తెచ్చి నీ చేతిలో పెడతా. నీ మీద ఒట్..."

భాగ్యం చప్పున కూతురి నోరు మూసింది.

ఆ అరచేతి నిండా వంకాకు పసరు. హేమ పెదాలకు చేదు తగిలింది. ఆ చేతిని తీయలేదు.