గడ్డి కుక్కిన గంటలు

సెరైనా నాతో మాట్లాడిన మొదటి మాట "ఆపండి!"

రెండో మాటా అదే, కాకపోతే ఇంకాస్త గట్టిగా.

బడి మొదలయ్యే వేళ. బడి వెనక వాలులో నేను స్నో మెషీన్ నడుపుతున్నాను. ఆ ఏడాది దేవుడు మంచు కురిపించడం మర్చిపోతే, ఆయన పనిని, జనాన్ని కొండెక్కించే లిఫ్టు కంపెనీ నాకు అప్పగించింది. కొండంతా ఎండిన గడ్డి రంగులో ఉంటే, నడుమ నేను పోసిన తెల్లటి పట్టీ ఒక్కటి. దాని మీదే ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు ఒకరి వెనక ఒకరు స్కీల మీద జారుతూ ఆహా ఓహో అనుకుంటారు.

ఆ మెషీన్ మూతికి ఎదురుగా గొడుగు వేసుకుని నిలబడిందామె. నేను ఊదిన మంచంతా ఆ గొడుగు మీదే పేరుకుపోతోంది. గొడుగు కింద ఎర్ర స్వెట్టరు, ఎర్రబడ్డ ముక్కు, అంతకంటే ఎర్రటి కోపం.

"చెవుడా మీకు?" అంది.

"మెషీన్ చప్పుడండీ."

"నేను మొత్తుకునేదీ అదే! మీ మెషీన్ మోతలో నా పిల్లల పాట వాళ్ళకే వినిపించట్లేదు."

"ఏం పాట?"

"మార్చి ఒకటి పాట. చలికాలాన్ని తరిమే పాట. ఈ ఊళ్ళో పుట్టి అది కూడా తెలీదా?"

తెలుసు. చిన్నప్పుడు నేనూ మెడలో ఆవు గంట వేసుకుని వీధి వీధీ తిరిగినవాణ్ణే. అయినా ఊరుకోకుండా పళ్ళికిలించాను.

"మీరు తరుముతూ ఉండండి, నేను తయారు చేస్తూ ఉంటాను. ఇద్దరి ఉద్యోగాలకీ ఢోకా ఉండదు."

ఆమె గొడుగు వంచింది. దాని మీద పేరుకున్న మంచంతా నా మెడ మీదుగా చొక్కాలోకి దిగింది.

"తీసుకోండి, మీ సరుకే" అని వెళ్ళిపోయింది.

కొత్త టీచరు అని తర్వాత తెలిసింది. కింది లోయ మనిషి. మా ఊరు సుర్‌లేనాకి వచ్చి ఏడాది కాకముందే ఊరందరితో ఒక విడత పోట్లాడేసింది. మంచమ్మాయేనని అందరూ ఒప్పుకుంటారు, కాస్త దూరంగా నిలబడి.

మర్నాటి నుంచి పాట వేళకి నా మెషీన్ నాజిల్ గడ్డకట్టడం మొదలుపెట్టింది. కంపెనీకి అలా చెప్పాను మరి. గడ్డకట్టకుండా ఉండే నాజిల్ కోసం వాళ్ళు ఎక్కడెక్కడో వెతికారు, పాపం. వారం గడిచాక సెరైనా అక్రోట్ల కేకు ముక్క ఒకటి కాగితంలో చుట్టి తెచ్చింది.

"మీ నాజిల్ ఆరోగ్యం ఎలా ఉంది?"

"మీరు పాడుతున్నంతసేపూ దానికి బాగుండదండీ."

"వైద్యం చేయించకండి" అని నవ్వి, వెంటనే ఆ నవ్వు దాచేసుకుంది.

తెల్లటి పట్టీ పక్కన, ఎండుగడ్డి మీద కూర్చుని కేకు తినడం మాకు అలవాటైంది. "అండీ" ఎప్పుడు జారిపోయిందో నేను గమనించలేదు. తను మాత్రం గమనించి, నన్నూ నువ్వనమంది.

ఒకరోజు కంపెనీ వేసిన కొత్త కరపత్రం తెచ్చి నా మొహం మీద ఆడించింది.

"చదువు. గట్టిగా చదువు."

'సుర్‌లేనా చరిత్ర' అని పైన రాసుంది. చదివాను. "మొదటి లిఫ్టు రాకముందు ఇక్కడ ఉన్నది మంచు, నిశ్శబ్దం మాత్రమే. ఒక విదేశీ సాహస యాత్రికుడు ఈ కొండను కనిపెట్టాడు."

"కనిపెట్టాడట! ఆయన కనిపెట్టేటప్పుడు మీ వాళ్ళు ఎక్కడున్నారు కుర్దిన్?"

"మా ముత్తాత ఆ కొండ మీంచే గడ్డిమోపులు చక్రాల్లేని చెక్కబండి మీద కట్టి కిందికి లాగుతున్నాడు. ఆ యాత్రికుడు దారి తప్పితే చూపించింది కూడా ఆయనేనట."

"మరి నీకు ఒళ్ళు మండట్లేదా?"

మండుతోంది. ఆ కరపత్రం ఊరంతా పంచినప్పటి నుంచీ మండుతూనే ఉంది. కానీ నా కోపమంతా ఇంట్లో, పొయ్యి ముందే. కంపెనీ డైరెక్టర్ ఫ్రైటాగ్ ఎదురుపడితే టోపీ తీసి "నమస్కారం సార్" అంటాను. ఆ మాటే చెప్పాను. సెరైనా కేకు కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

ఫిబ్రవరి చివర్లో ఆమె వాలెక్కి రావడం దూరం నుంచే చూశాను. నడకలోనే తెలిసిపోయింది, ఇవాళ ఎవరికో మూడిందని.

"పిలిపించాడు మీ డైరెక్టరు! అతిథులు ఫిర్యాదు చేశారట. ఈస్టరు దాకా చలికాలం ఉంటుందని వస్తే మీ పిల్లలు మార్చి ఒకటికే దాన్ని వెళ్ళగొడుతున్నారేంటని! అందుకని పిల్లలు ఊళ్ళో తిరగకూడదట. హోటల్ లాంజ్‌లో, సాయంత్రం మద్యం పోసే వేళ, స్టేజీ మీద పాడాలట. ఏం పాడాలో కూడా రాసిచ్చాడు. విను."

పాత పాట "పో పో చలికాలమా, పచ్చిక నిద్ర లేచింది" అని సాగుతుంది. కొత్తది ఆమె కోపంతో వణుకుతూ పాడింది: "ఉండు ఉండు చలికాలమా, అతిథులింకా ఉన్నారు!"

నాకు నవ్వొచ్చింది. ఆమె చూపు చూసి మింగేశాను.

"కుదరదన్నాను. కుదరకపోతే ఈస్టరు తర్వాత బడిలో మీకు చోటుండదు, కమిటీలో అందరూ హోటల్ వాళ్ళే, ఆలోచించుకోండి అన్నాడు."

ఈస్టరు తర్వాత ఆమె కింది లోయకి వెళ్ళిపోతే? ఆ భయంలో నోటికి అడ్డం లేకుండా అనేశాను.

"ఒక్క పాటేగా సెరైనా. పాడించేయరాదూ?"

ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఒక్క పాటేనా?"

"అది కాదు... నువ్వు ఉండిపోతావు కదా అని..."

"నేను ఉండటానికి పిల్లల చేత అబద్ధం పాడించాలా? చలికాలంలో ఆకలికి ఓర్చుకున్నవాళ్ళు కట్టుకున్న పాట అది! మెషీన్లు నడిపీ నడిపీ నువ్వు కూడా బటన్ నొక్కితే పనిచేసే రకం అయిపోయావు."

"అంత మాటనకు!"

"అన్నాను. ఇంకా అంటాను. కానీ ఇప్పుడు తరగతి ఉంది."

వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ పై రోజు కూడా రాలేదు. నాజిల్ ఊరికే గడ్డకట్టింది.

ఇంటికెళ్ళి ఇదంతా మా నాయనమ్మ ఊర్ష్లాకి చెప్పాను, సెరైనా మొండితనం మీద ఫిర్యాదుగా. పొయ్యి మీద బార్లీ గంజి కలుపుతున్న ఆవిడ గరిటె పక్కన పెట్టేసింది.

"లాంజ్‌లోనా? మా గంటలు?"

"ఊరికే అంటున్నాడులే నాయనమ్మా."

"నోర్ముయ్! ఆ హోటల్ ఎక్కడుందో తెలుసురా నీకు? పై వీధి ఉండేది అక్కడ. నేను బడికెళ్ళే వయసులో మంచు వచ్చి వీధి వీధే ఊడ్చుకుపోయింది. ఒక్క ప్రాణం పోలేదు. ఎందుకు పోలేదో చెప్పు."

నాకు తెలీదు. సిగ్గేసింది.

"ఆ ఏడు కొండ నెత్తిన మంచు వేలాడుతోంది. మోతకి ఎక్కడ జారుతుందోనని పెద్దవాళ్ళు గంటల్లో గడ్డి కుక్కారు. మేం చప్పుడు లేకుండా గడప గడపా తిరిగాం. మార్చి ఒకటిన గంటలు మోగకపోతే ఏంటర్థం? చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పిల్లల వెనకే చర్చి దగ్గరికి పొమ్మని. మా అమ్మ రొట్టెలు పొయ్యిలోనే వదిలి వచ్చింది. అందరం చర్చి గోడ పక్కన నిలబడ్డాం. మా వీధి వెళ్ళిపోవడం చూశాం."

కళ్ళు తుడుచుకుంది. ఏడుపు కంటే కోపమే ఎక్కువ ఉంది అందులో.

"ఇక్కడ అంతకుముందు ఏమీ లేదని రాశాడా వాడు? మా పొయ్యిలో రొట్టెలున్నాయిరా, ఏమీ లేకపోవడమేంటి!"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారగానే పశువుల కొట్టంలోంచి ఎండుగడ్డి ఒక బస్తాకెత్తి బడి వాకిట్లో దించాను. సెరైనా తలుపు తీసి నన్నూ, బస్తానీ మార్చి మార్చి చూసింది.

"మీ ఊళ్ళో మాట పడితే గడ్డి తెచ్చిస్తారా?"

"నీకు కాదు, గంటలకి." నాయనమ్మ చెప్పిందంతా చెప్పాను. వింటూ వింటూ ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది.

"కానీ మంచే లేని ఏడాది ఇది" అంది చివరికి. "ఎవరు నమ్ముతారు? ఎవరొస్తారు?"

"ఎవరూ రాకపోతే నేనొస్తాను."

"మెషీనో?"

"దాని నాజిల్‌కి రేపు చాలా పెద్ద జబ్బు చేస్తుంది."

ఆమె నవ్వలేదు. బస్తా మూతి విప్పి, గుప్పెడు గడ్డి తీసి వాసన చూసి, "లోపలికి రా, పిల్లలకి ఎలా కుక్కాలో చూపించు" అంది.

మార్చి ఒకటి ఉదయం పిల్లలు నీలం చొక్కాలు, ఎర్ర టోపీలు వేసుకుని బయల్దేరారు. మెడల్లో గంటలు ఊగుతున్నాయి. చప్పుడు లేదు. బూట్ల కింద గులకరాళ్ళ చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ముందు సెరైనా, చివర నేను.

హోటల్ గుమ్మంలో డైరెక్టర్ ఫ్రైటాగ్ ఎదురయ్యాడు.

"ఊళ్ళో తిరగొద్దన్నానా?" అని అరవబోయి, గంటలు మోగడం లేదని గమనించి మెత్తబడ్డాడు. "ఓ, చప్పుడు లేకుండానా! తెలివైనవారు టీచరు గారూ. సాయంత్రం లాంజ్‌లో కలుద్దాం."

అతని వెనక వంటింటి తలుపు తెరుచుకుంది. హోటల్లో ఎన్నో ఏళ్ళుగా సూప్ చేసే బార్లా పిన్ని గరిటెతోనే వాకిట్లోకొచ్చింది. పిల్లల మెడల వైపు చూసింది. మొహం పాలిపోయింది. లోపలికెళ్ళి పొయ్యి కట్టేసి, ఏప్రాన్ విప్పేసి వచ్చి నా పక్కన నడిచింది.

తర్వాత వడ్డించేవాళ్ళొచ్చారు. స్కీ నేర్పేవాళ్ళు శిష్యుల్ని బెంచీల మీద కూర్చోబెట్టి వచ్చారు. లిఫ్టు నడిపేవాడి పేరు దూరి. ఆ దూరి అన్న, గాల్లో వేలాడే లిఫ్టు కుర్చీల్లో ఉన్న అతిథుల్ని చివరి మనిషి దాకా కిందికి దించి, మీట లాగి, టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. కొండకేసి ఒకసారి చూసి "మంచు లేదే?" అన్నాడు నా చెవిలో.

"లేదన్నా."

"అయితే ఏం పడబోతోంది ఊరి మీద?"

"ఉండు ఉండు చలికాలమా" పాట వినిపించాను. దూరి అన్న తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను.

చర్చి గోడ దగ్గరికి చేరేసరికి ఊరంతా అక్కడే ఉంది. నాయనమ్మ ముందే వచ్చి కర్ర పట్టుకుని నిలబడింది. అందరికంటే ఆఖర్న వచ్చింది ఎవరనుకున్నారు? హోటల్ యజమాని బాల్సర్! బడి కమిటీ పెద్ద కూడా ఆయనే. సూటు మీద వంటింటి తువ్వాలు అలాగే ఉంది.

"మా అవ్వ చెప్పేది" అన్నాడు రొప్పుతూ, "మోగకపోతే పరిగెత్తమని. కాళ్ళు వాటంతటవే వచ్చేశాయి. ఏమైంది టీచరు గారూ?"

సెరైనా ఫ్రైటాగ్ రాసిచ్చిన పాట కాగితం ఆయన చేతికిచ్చింది. ఆయన చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది నాకు చూపించలేదే!" కాగితం నలిపేశాడు. "గడ్డి తీయించండమ్మా. పాత పాటే పాడించండి. ఈ ఏడూ, వచ్చే ఏడూ, మీరున్నన్నాళ్ళూ."

మీరున్నన్నాళ్ళూ! ఆ మాట విన్నాక నాకు ఇంకేం వినపడలేదు. పిల్లలు గడ్డి పీకి గాల్లోకి ఎగరేశారు, గంటలు ఒక్కసారిగా గొంతెత్తాయి, "పో పో చలికాలమా" అని ఊరు ఊరంతా పాడింది. ఆ చలికాలం మీదే బతికేవాణ్ణి నేనూ పాడాను.

సరిగ్గా అప్పుడు ఫ్రైటాగ్ పరుగున వచ్చాడు. కోపంగా వచ్చి ఉంటే బాగుండేది. మొహం వెలిగిపోతోంది.

"అద్భుతం! అతిథులకి కళ్ళనీళ్ళు తిరిగాయి! ఆ నిశ్శబ్దం, ఆ ఊరేగింపు! వచ్చే ఏడాది నుంచి ప్రతి శనివారం పెడదాం. సాయంత్రం నాలుగింటికి!"

సెరైనా నోరు తెరిచింది. కానీ అప్పటికే ఎవరో అరిచేస్తున్నారు. ఎవరా అని చూస్తే, నేనే.

"శనివారమా? మా వాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిచిన నడకయ్యా అది! మీకు ప్రతి శనివారం నాలుగింటికి కావాలా? ఏమీ లేని ఊరని రాశారు మీరు. వీధి పోయింది ఇక్కడ! దాని మీద మీ లాంజ్ కట్టుకున్నారు. కూర్చోండి, తాగండి, మేం జారనిస్తాం, మంచు కూడా పోస్తాం. కానీ మా భయాన్ని అమ్మనివ్వం!"

ఫ్రైటాగ్ బాల్సర్ వైపు చూశాడు. బాల్సర్ చర్చి గడియారం వైపు చూశాడు. ఇక చేసేదేం లేక ఫ్రైటాగ్ వచ్చిన దారినే వెళ్ళాడు.

సెరైనా నా మోచెయ్యి పట్టుకుంది.

"నా కంటే ముందే అరిచావు" అంది, కళ్ళు పెద్దవి చేసి.

గంటల మోతలో సగమే వినిపించింది. ఆ చెయ్యి మాత్రం తీయలేదు. ఇప్పుడు చెప్పకపోతే జన్మలో చెప్పలేననిపించింది. చెప్పాను.

"ఏంటి? వినపడట్లేదు!"

మళ్ళీ చెప్పాను.

"ఒరేయ్" అంది వెనక నుంచి నాయనమ్మ, "గొంతు అంతా ఆ ఫ్రైటాగ్ మీదే ఖర్చు పెట్టావా? గట్టిగా చెప్పు!"

గుండెల నిండా ఊపిరి పీల్చి అరిచాను. "నువ్వంటే నాకు ప్రాణం సెరైనా!"

పాట అప్పుడే అయిపోయింది. గంటలు అప్పుడే ఆగాయి. బార్లా పిన్ని నుంచి బాల్సర్ దాకా అందరూ విన్నారు. కొండ కూడా విని ఒకసారి తిరిగి చెప్పింది.

సెరైనా మొహం స్వెట్టరు రంగులోకి తిరిగింది. పిల్లలకి ఇంతకంటే మంచి పండగ ఎప్పుడు దొరుకుతుంది?

"టీచరు గారూ, జవాబు చెప్పండి!" అని ఒకడు.

"పూర్తి వాక్యంలో చెప్పాలి!" అని అందరూ. తరగతిలో ఆమె వాళ్ళ ప్రాణాలు తీసేది ఆ నియమంతోనే.

సెరైనా నిటారుగా నిలబడింది. నా వేళ్ళలో వేళ్ళు జొనిపింది. ఊరందరికీ వినిపించేలా, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది.

"నాకు కూడా కుర్దిన్ అంటే చాలా ఇష్టం, కానీ అతని మెషీన్‌ని మాత్రం నేను చచ్చినా క్షమించను."