ఏడో చామంతి

ట్రామ్ దిగగానే అమ్మమ్మ పూలు కొంది. కొని, గుత్తిని స్మరాండ చేతికిచ్చింది.

"తలలు కిందికి ఉండేలా పట్టుకో. చీపురులా ఊపకు."

అమ్మమ్మ రెండు చేతుల్లోనూ ఊరి నుంచి తెచ్చిన సంచులే. సాసేజీలు, అక్రోటుకాయలు, ఉప్పులో ఊరిన క్యాబేజీ. ఇంత పెద్ద బుకారెస్ట్‌లో తినడానికేమీ దొరకదని ఆవిడ నమ్మకం.

ఆ రోజు సెయింట్ కేథరిన్ పండగ. అంటే, ఆ సెయింట్ పేరే పెట్టుకున్న అమ్మమ్మ వాళ్ళక్క కాటింకాకి పేరుపండగ, పుట్టినరోజు లాంటిదే. పైగా ఆవిడ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి వారమే అయింది.

"ఏడున్నాయిగా?" అని అమ్మమ్మ పూలావిడని రెండుసార్లు అడిగింది.

"ఏడే అమ్మగారూ. పండగ పూట సరిసంఖ్య ఇస్తానా?"

బతికున్నవాళ్ళకి బేసి పూలు, పోయినవాళ్ళకి సరి పూలు. ఈ సంగతి అక్కడ బడికి వెళ్ళని పిల్లలకి కూడా తెలుసు. స్మరాండకైతే తొమ్మిదేళ్ళు.

వీధిలో క్రిస్మస్ దీపాలు కడుతున్నారు. నిచ్చెన మీదున్న మనిషి ఒకసారి వెలిగించి చూశాడు. తడిసిన రోడ్డంతా నీలంగా మెరిసింది. మళ్ళీ ఆరిపోయింది.

అమ్మమ్మ ముందు నడుస్తోంది. స్మరాండ పూలగుత్తిని మంత్రదండంలా ఎత్తింది.

"వెలుగు!"

వెలగలేదు. ఇంకా గట్టిగా ఊపింది. మంత్రదండం వెళ్ళి కరెంటు స్తంభానికి తగిలింది. టప్!

ఒక చామంతి మెడ విరిగింది. స్మరాండ అటూ ఇటూ చూసింది. కాడ లాగి చెత్తడబ్బాలో పడేసింది. పువ్వుని కోటు జేబులో కుక్కేసింది. ఇన్ని పూలలో ఒకటి తగ్గితే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది.

కాటింకా పెద్దమ్మమ్మకి తెలిసింది.

తలుపు తీసింది, ఇద్దరినీ ముద్దుపెట్టుకుంది, పూలు అందుకుంది. ఆవిడ పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. ఆరు దగ్గర ఆగిపోయాయి.

"లీనా, నన్ను సాగనంపడానికి వచ్చావా?"

సోఫాలో కేకు తింటున్న పక్కింటి వియోరికా గారు చెంచా కింద పెట్టి శిలువ గుర్తు వేసుకుంది.

"అయ్యో అక్కా! ఏడే కొన్నాను!" అమ్మమ్మ ముఖం ఎర్రబడింది.

"నాకు లెక్కలు రావంటావు."

పెద్దమ్మమ్మ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. పూలు కుండీలోకి వెళ్ళలేదు. గుమ్మం దగ్గర గొడుగుల పక్కన నిలబడ్డాయి.

స్మరాండకి కేకు ముక్క పెట్టారు. చెంచాతో కెలుకుతూ కూర్చుంది. జేబులో పువ్వు రాయిలా బరువుగా ఉంది.

"ఆ పూలావిడ సంగతి తేలుస్తాను," అంటూ అమ్మమ్మ గుత్తి తీసుకుని కోటు వేసుకుంది. "నువ్వూ రా. సాక్షివి."

పూలకొట్టు దగ్గర జనం ఉన్నారు. అమ్మమ్మ గొంతు ట్రామ్ గంటని మించిపోయింది.

"జబ్బు మనిషికి ఆరు పూలా? ఊరివాళ్ళమని మోసం చేస్తావా?"

"నేనలా చెయ్యను అమ్మగారూ. మీ ముందే కదా కట్టాను."

"అయితే నేనే అబద్ధమాడుతున్నానా?"

గులాబీలు తీసుకోబోతున్న టోపీ ఆయన వాటిని తిరిగి బకెట్లో పెట్టేసి వెళ్ళిపోయాడు. పూలావిడ ఆయన వెనకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఒక చామంతి తీసి అమ్మమ్మకిచ్చింది.

"తీసుకోండి. తప్పెవరిదైతేనేం, మీ అక్కగారు చల్లగా ఉండాలి."

స్మరాండ చెవులు కాలిపోయాయి. ఆవిడ తిట్టినా బాగుండేది.

జేబులోంచి చెయ్యి బయటికి తీసింది. నలిగిన పువ్వు, దాంతో పాటు నాలుగు రేకులు.

"నేనే అమ్మమ్మా. స్తంభానికి తగిలి విరిగింది. దాచేశాను."

ఆ రోజు రెండోసారి అమ్మమ్మ ముఖం ఎర్రబడింది.

"క్షమించమ్మా," అంది పూలావిడతో. ఇంత నెమ్మదిగా అమ్మమ్మ మాట్లాడగలదని స్మరాండకి అంతవరకూ తెలియదు.

అమ్మమ్మ పక్కకి చూస్తే మనవరాలు లేదు. టోపీ ఆయన వెనక పరిగెత్తుతోంది.

"తాతగారూ! ఆవిడ సరిగ్గానే కట్టింది! తప్పు నాది, ఆవిడది కాదు!"

ఆయన స్మరాండనీ, దాని గుప్పిట్లో పువ్వునీ చూశాడు. వెనక్కి తిరిగాడు. గులాబీలు కొన్నాడు. లెక్క మాత్రం రెండుసార్లు చూసుకున్నాడు.

పెద్దమ్మమ్మ ఇంట్లో స్మరాండ అంతా మళ్ళీ చెప్పింది. వియోరికా గారి ముందు చెప్పడం ఇంకా కష్టమైంది. ఆవిడ తలాడిస్తూనే ఉంది.

"అయితే నేనిప్పుడే పోనన్నమాట," అంది పెద్దమ్మమ్మ, ఏడు పూలూ కుండీలో పెడుతూ. "ఏదీ, ఆ విరిగినదీ ఇటివ్వు. సాసర్లో నీళ్ళు పోసి పెడదాం, పాపం."

వియోరికా గారి పెదవులు చప్పుడు లేకుండా కదలసాగాయి.

స్మరాండ గబుక్కున పువ్వుని మళ్ళీ జేబులో పెట్టుకుంది.

"వద్దు పెద్దమ్మమ్మా. అది నాతోనే ఉంటుంది."